రాళ్ళున్న చోట ఇంగ్లీషు

2019 ఫిబ్రవరి 27, బుధవారం, దక్షిణ కొరియాలోని బుసాన్. నా పదవీ విరమణ సభ. చూసి చదువుతున్నందుకు మన్నించాలి. కాగితం లేకపోతే ప్యో మొహం చూసి మెత్తబడతాను.

అధ్యక్షత వహిస్తున్న సంచాలకులు ప్యో గిచల్‌గారికి, ముందు వరుసలోని నౌకాశ్రయ పెద్దలకు, కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడకానుకుని నిలబడ్డ నా విద్యార్థులకు నమస్కారం. కూర్చోండి. (నవ్వులు)

ఓడలతో రేడియోలో మాట్లాడే ఉద్యోగులకు ఈ బడిలో ముప్పయ్యొక్క ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. మొత్తం రెండువేల నూట నలుగురు. తొమ్మిదిమంది తప్పారు, అందులో ఒకరు ఇవాళ అధ్యక్షులు. (నవ్వులు) రెండోసారి ప్యాసయ్యాడు లెండి.

పదకొండేళ్ళుగా నా పక్కన పాఠం చెబుతున్న లురెల్ దుమ్లావ్‌ది ఫిలిప్పీన్స్. నా స్థానానికి నిన్న ప్రకటన వేశారు: 'పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే దేశాలవారే అర్హులు.' ప్యో గదికి వెళ్ళాను.

"ఇదేమిటి నాయనా?"

"నన్నంటారేం టీచర్? రాసింది మీరేగా!" అని పాత ఫైలు నా ముందు పెట్టాడు. 1998. నా చేతిరాతే.

అవును, నేనే రాశాను. ఆ భాషకు ఇంటివాళ్ళు ఎక్కడో ఉన్నారనీ, మనం అద్దెకున్నవాళ్ళమనీ నమ్మి, గోడకు మేకు కొట్టడానికైనా జంకుతూ, క్యాసెట్లోని మనిషి దగ్గినచోటల్లా మీచేత దగ్గించినంత పని చేశాను.

రెండేళ్ళ కిందట ఒక పొగమంచు పొద్దున, మా పిల్లలు శిక్షణకు కూర్చున్న కంట్రోలు గదికి, రేవు ముందరి రాళ్ళ వైపు వస్తున్న ఓడలోంచి ఒక ఇంగ్లండు కెప్టెన్ రేడియోలో గడగడా ఏదో చెప్పాడు. మైకు దగ్గరున్న అమ్మాయి బిగుసుకుపోయింది. లురెల్ అందుకుంది.

"సార్, చిన్న మాటల్లో. ఒక్కొక్కటే."

"ఏమమ్మాయ్, నాకే ఇంగ్లీషు నేర్పుతావా?"

"భాష మీదే సార్. రాళ్ళు మావి. ఎడమకు తిరుగుతున్నారా, లేదా?" (చప్పట్లు)

తిరిగాడు. వెనకున్న చైనా ఓడా, దాని వెనక వియత్నాం ఓడా ఆమె మాట విని ఆగాయి. ఆ పూట ఎవరికీ అర్థం కాని ఇంగ్లీషు ఒక్కటే, ఇంగ్లండువాడిది. అదంతా డైరీలో నిమిషాలతో సహా రాశాను. నా నిబంధన మాత్రం గుర్తు రాలేదు.

లురెల్, పాఠాల పట్టికలో నీ పేరు ఒక్కసారీ వేయలేదు. 'సహాయకురాలు' అని రాస్తూ వచ్చాను. నువ్వు అడగలేదు, అడిగే వీలు నేనివ్వలేదు. తప్పు నాది.

ఈ జ్ఞాపికకూ, పూలకూ, బియ్యపు కేకులకూ కృతజ్ఞతలు. ఇక జరగవలసినవి:

1. ఆ నిబంధన నేనే కొట్టేసి సంతకం చేశాను. కింద ప్యోగారు చేయాలి. కలం తెచ్చాను.

2. నా స్థానానికి వచ్చేవారికి పరీక్ష కంట్రోలు గదిలో పెట్టాలి. మాట నాలుగు దేశాల ఓడలకు అర్థం కావాలి. పాస్‌పోర్టు అడగకూడదు.

3. లురెల్ కూడా ఆ పరీక్షకు కూర్చోవాలి. నా సిఫారసు ఉండదు. ఆమెకు అక్కర్లేదు.

4. ప్యో, పైకప్పు చూస్తావేం? ఇలా రా. సంతకం పడేదాకా ఈ మైకు వదలను. ఆ తర్వాతే సెలవు.