నిదానమ్మ విన్న పేర్లు

నాంచారమ్మకి మతిమరుపు మొదలైంది. ముందు ఉప్పు దగ్గర మొదలైందంట. పప్పులో ఉప్పేసేది, ఇటు తిరిగి అటు తిరిగి మళ్ళీ ఉప్పేసేది. కోడలు శేషారత్నం ముద్ద నోట్లో పెట్టుకుని, "అత్తా, సముద్రం మనింటికే వచ్చేసిందా?" అనేదంట. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. తర్వాత కళ్ళజోడు. ముక్కు మీద పెట్టుకునే ఇల్లంతా వెతికేది. సరే, అవి ఎవరికైనా పోతాయి. నాకూ పోతున్నాయి, మీకూ ఓ రోజుకి పోతాయి, నవ్వకండి. కానీ ఆవిడ భయం ఉప్పు గురించీ కాదు, కళ్ళజోడు గురించీ కాదు. పేర్ల పాట గురించి.

ఆ పాట సంగతి తెలియనివాళ్ళు ఉంటే చెబుతా వినండి. మా మగ్గాల వీధిలో చౌడమ్మ తల్లికి ఏటా ఒక చీర నేస్తారు. శ్రావణమాసం మొదటి శుక్రవారం పొద్దున్నే ఆ చీర మగ్గానికెక్కాలి. మగ్గం సంగతి మీకు తెలుసుగా, చీర కోసేసినా మగ్గాన్ని బోడి చెయ్యకూడదు. పాత పడుగు కొస జానెడు ఉంచుతాం. కొత్త పడుగు పోగుల్ని ఆ పాత కొసలకి బూడిద అద్ది, మెలేసి అతుకుతాం. తల్లి చీరకైతే మొదటి నలభై ఒక్క పోగుల్నీ పాటతో అతకాలి. ఇంతకు ముందు ఆ చీర నేసిన ఆడవాళ్ళు నలభై ఒక్కమంది, పేరుకో పోగు. "సీతాయి ఆసు పోసె, సీతాయి పోగిదే. ఆదెమ్మ కండె చుట్టె, ఆదెమ్మ పోగిదే." అట్లా పోతుంది. ఒక్క పేరు తప్పితే ఆ పోగు ఖాళీ అన్నట్టే. ఖాళీ పోగుతో చీర మొదలెట్టరు. తల్లికి ఆ ఏడు పాత చీరే. ఎవరింటి పేరు వాళ్ళకి తెలుసు గానీ, మొత్తం దండ మాత్రం నాంచారమ్మ ఒక్కదానికే వచ్చు. మరి రాసి పెట్టుకోవచ్చుగా అంటారు. ఆవిడకి రాత రాకా కాదు, పొట్లం కాగితాలు కూడబలుక్కుని తనంతట తాను చదువు నేర్చిన మనిషి. కానీ ఆ పేర్లు రాయకూడదు. రాస్తే పేరు కాగితానికి పోయి నోటికి రాకుండా పోతుందని పెద్దల మాట. అందుకని రోజూ తెల్లారగట్ల పేడనీళ్ళు చల్లుతూ నలభై ఒక్కటీ లోపల్లోపల చెప్పుకునేది. ఆ మాఘమాసంలో ఒకరోజు ముప్ఫై తొమ్మిదే వచ్చాయంట. చీపురు పట్టుకుని వాకిట్లో అట్లాగే నిలబడిపోయిందంట.

అప్పుడొచ్చింది ఆ ఇంటికి నిదానమ్మ. నిదానమ్మంటే మనిషి కాదు, లాప్‌టాప్. పెద్ద పళ్ళెమంత ఉంటుంది, సేరు బియ్యం బరువు కూడా ఉండదు. దానికి ముందు ఇద్దరు మొగుళ్ళున్నారు. మొదటాయన ఫోటోల సాంబయ్య. చవగ్గా వస్తోందని సంబరంగా కొన్నాడు. చేత్తో ఎత్తి, "చూడండి, ఈకంత!" అని వీధంతా తిప్పి చూపించాడు. మూడు పెళ్ళిళ్ళ ఫోటోలు ఎక్కించాడో లేదో, దాని పొట్ట నిండిపోయింది. నాలుగో పెళ్ళికి చోటు లేదంది. ఆ పెళ్ళికూతురు వాళ్ళమ్మ, "ముందు ముగ్గురి పెళ్ళీ పట్టింది, మా పిల్ల పెళ్ళే పట్టలేదా దీనికి?" అని తగువుకొచ్చింది. దాంతో సాంబయ్య దాన్ని జాతకాల కుటుంబయ్యకి అంటగట్టాడు. కుటుంబయ్య దాన్ని బల్ల మీద పెట్టుకుని గంధం బొట్టు పెట్టాడు. బొట్టుకేం తక్కువ లేదు, నడకే తక్కువ. నొక్కితే పావుగంటకి పలికేది. మధ్యలో ఒక చక్రం వచ్చి తిరుగుతా ఉండేది, గానుగెద్దులాగ. మంచి ముహూర్తం చూడమని జనం వచ్చి కూర్చుంటే, ముహూర్తం దాటిపోయాక తెరుచుకునేది. ఆయనే విసిగి పెట్టాడు ఆ పేరు, నిదానమ్మ అని. చివరికి శేషారత్నం నేసిన పంచె ఒకటి తీసుకుని, "అమ్మా, దీన్ని నువ్వే ఏలుకో" అని ఇచ్చేశాడంట.

శేషారత్నం దాన్నెందుకు తీసుకుందో తెలుసా? దానికి చెవి ఉంది గనక. మైకు బొమ్మ మీద నొక్కితే మన మాట పట్టుకుంటుంది. "అత్తా, పేర్లు రాయకూడదన్నారు గానీ అనకూడదన్నారా? నువ్వు నోటితో అను, ఇది చెవితో వింటుంది. నోటి మాట నోటి మాటగానే ఉంటుంది" అంది. నాంచారమ్మ రెండు రోజులు ఆలోచించింది. తల్లి దగ్గరకెళ్ళి కొబ్బరికాయ కొట్టి అడిగింది. కాయ బాగా పగిలిందంట. ఇంక రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తాకోడళ్ళు దాని ముందు కూర్చునేవాళ్ళు. శేషారత్నం నొక్కుతుంది, చక్రం తిరుగుతుంది. "అయ్యో, ఎంతసేపే నీకు!" అని కోడలు విసుక్కుంటే, అత్త, "ఉండనీయవే, నేను మాత్రం పీట మీంచి ఒక్క ఉదుటున లేస్తున్నానా?" అనేది. ఒకసారి దగ్గొచ్చేది, ఒకసారి మేక అరిచేది, ఒకసారి కోటమ్మ వచ్చి కూర్చునేది. కోటమ్మంటే పక్కింటావిడ. చెడ్డదేం కాదు పాపం, ఉన్నమాట మొహాన అనేది, అంతే. అట్లా అట్లా పన్నెండోసారికి నలభై ఒక్క పేర్లూ తేనెలాగ వచ్చాయి. కానీ మనసాగదుగా, ఇంకోసారి ఇంకా బాగా పాడదామని పదమూడోసారి కూర్చుంది. రెండో పేరు దగ్గరే దగ్గు తెర వచ్చింది. "ఆపెయ్యవే, ఇది చెడింది" అంది. శేషారత్నం ఆపు మీద నొక్కింది. చక్రం. మళ్ళీ నొక్కింది. మళ్ళీ చక్రం. "అదే ఆగుతుందిలే" అని దాని మీద తుండుగుడ్డ కప్పేసి, ఇద్దరూ గోంగూర ముందేసుకుని వలుచుకుంటూ కబుర్లలో పడ్డారు.

సాయంత్రం తుండు తీసి చూస్తే చోటు లేదు అని ఉందంట దాని మీద. ఏది నొక్కినా అదే మాట. శేషారత్నం టౌన్లో బాగుచేసే అతనికి ఫోన్ చేసింది. అతను హడావిడిలో ఉన్నాడు. "లోపల పాత చెత్తంతా ఉంటుందమ్మా, కనపడినవన్నీ తీసెయ్యి, లేడిపిల్లలాగ పరిగెడుతుంది" అన్నాడు. తెరిచి చూస్తే వరసగా బొమ్మలు, అన్నిటికీ అంకెలే పేర్లు. ఏది సాంబయ్య తీసిన పెళ్ళో, ఏది కుటుంబయ్య జాతకమో ఎట్లా తెలుస్తుంది? అత్త పాటలు మైకు బొమ్మలో కదా ఉంటాయి, ఇక్కడెందుకుంటాయి, అనుకుంది పిచ్చిది. మొదటిదాని దగ్గర మొదలెట్టి ఒక్కొక్కటే తీసేసుకుంటూ వచ్చింది. తీసింది, తీసింది, తీసింది. చిట్టచివర ఒకటి మిగిలింది. దాన్ని కూడా తీసెయ్యబోయి చెయ్యి ఆపేసిందంట. ఎందుకాపిందో మీరు చెప్పండి? ఆఁ, అదే! మగ్గం బోడి చెయ్యకూడదు. సాలె పిల్ల కదా, చేతికి అలవాటు. ఎంత కోసినా కొస ఒకటి ఉంచాలి. "ఉండనీ, జానెడు కొస" అనుకుని మూసేసింది.

మర్నాడు అత్త గొంతు విందామని మైకు బొమ్మ నొక్కితే, పన్నెండు పాటలూ లేవు. లోపల ఒకే ఒక్కటుంది, ఆ చెడిపోయిన దగ్గు పాట. తను తీసేసిన ఆ అంకెల్లోనే అత్త పాటలూ పోయాయని శేషారత్నానికి అప్పుడు తెలిసింది. మళ్ళీ పాడించుకుందామా అంటే, ఏం చెప్పి అడుగుతుంది? పైగా ఏమైందంటే, నాంచారమ్మ అప్పటికే పేర్లు చెప్పుకోవడం మానేసింది. పేడనీళ్ళు చల్లుతూ పాత భజనలు పాడుకుంటోంది. "పెట్టెలో దాచేశాగా, ఇంక నా బుర్రకెందుకే బరువు? ఎన్నాళ్ళకి నిద్రపట్టిందో!" అని నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ఈ పిల్ల నోరెత్తలేకపోయింది. రేపు చెబుతా, ఎల్లుండి చెబుతా అనుకుంటూ నెలలు దాటించేసింది. అన్నం సయించేది కాదు. నేస్తుంటే పేక పోగు నడిపే నాడె చేతిలోంచి జారిపోయేది. అత్తేమో, "ఏమైందే, దిష్టి తగిలిందా?" అని ఎర్రనీళ్ళు తీసి పోసేదంట.

శ్రావణ శుక్రవారం వచ్చింది. వీధంతా నాంచారమ్మ మగ్గం చుట్టూ చేరింది. పసుపు, పూలు, సాంబ్రాణి. నాంచారమ్మ బూడిద అద్దుకుని మొదలెట్టింది. సీతాయి, ఆదెమ్మ, గంగాజలం, నరసాయి... పేరు పలకగానే ఆ ఇంటివాళ్ళు ఊఁ కొట్టడం, పోగు అతకడం. ఇరవై ఆరోది ముత్తాలు, కోటమ్మ వాళ్ళ అత్తగారి అత్త. "ముత్తాలు పేక నింపె, ముత్తాలు పోగిదే" అనగానే కోటమ్మ వీధి దద్దరిల్లేటట్టు ఊఁ కొట్టింది. ఇరవై ఏడో పోగు పట్టుకుంది నాంచారమ్మ. పట్టుకుని ఆగింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. వెనక్కెళ్ళి ముత్తాలు నుంచి మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. "ఎవరిది, ఎవరింటిది?" అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరిదీ కాదు. అందరి పేర్లూ అయిపోయాయి, లేకపోతే ఇంకా రావాల్సి ఉన్నాయి. ఈ పోగుకి మాత్రం ఇల్లు లేదు. నాంచారమ్మ పోగు వదలకుండానే కోడలి వైపు తిరిగి, "పెట్టె తేవే" అంది.

శేషారత్నం పెట్టె తెచ్చింది గానీ తెరవలేదు. అక్కడే మగ్గం గుంట పక్కన కూలబడి, "అత్తా, పాటలు లేవు. నేనే తుడిచేశాను" అని భోరుమంది. కోటమ్మ కూడా నోరు మెదపలేదంటే ఇంక చూసుకోండి. నాంచారమ్మ తిట్టలేదు. "అన్నీనా?" అంది. "ఒకటి ఉంచా. దగ్గుది. కొస కదా అని ఉంచా." "సరే, కొసే పెట్టు. కొసకే కదా అతుకుతాం" అంది నాంచారమ్మ.

నొక్కింది. చక్రం తిరిగింది. వీధి వీధంతా ఆ చక్రం వంక చూస్తోంది. తిరుగుతోంది, తిరుగుతోంది. సాంబ్రాణి ఆరిపోయింది, మళ్ళీ వెలిగించారు. "దీని దుంపతెగ, ఈలోగా చీర నేసి కోసెయ్యొచ్చు" అంది కోటమ్మ. అప్పుడు పలికింది నిదానమ్మ. ముందు సీతాయి, ఆదెమ్మ, దగ్గు. "ఆపెయ్యవే, ఇది చెడింది." అయిపోయిందనుకున్నారు. అవలేదు. ఆ రోజు నొక్కితే ఆగలేదు కదా అది! తుండుగుడ్డ కింద కూర్చుని, పొట్ట నిండేదాకా వింటూనే ఉంది. గోంగూర కాడలు విరుస్తున్న చప్పుడు, మేక అరుపు. తర్వాత శేషారత్నం గొంతు, "అత్తా, ఆ ముత్తాలు పేరు అంత గట్టిగా పాడతావేం?" దానికి నాంచారమ్మ గొంతు, "పాడకపోతే బతకనిస్తుందా ఆ కోటమ్మ? అది నోరా, గంప!" వీధంతా గొల్లుమంది. నాంచారమ్మ తలొంచుకుంది. కోటమ్మ మొహం చూడాలి అప్పుడు! కానీ పెట్టె ఆగితేగా. "ముత్తాలుకేమే, అరవడానికి నలుగురున్నారు. ఆ పక్కనున్న పాలంకికి ఎవరున్నారు చెప్పు?" "పాలంకి ఎవరత్తా? మన వీధిలో ఆ ఇల్లే లేదుగా?" "లేదే. తుఫాను ఏడు ఒక నాడె చేత పట్టుకుని ఒక్కతే వచ్చింది. పిల్లా లేదు, జెల్లా లేదు. పోగు అతకడం నాకు ఆవిడే నేర్పింది, ఇదిగో ఇట్లా బొటనవేలు తిప్పి. ఊఁ కొట్టడానికి ఒక్క మనిషి లేదు ఆవిడకి. నేను మరిచిపోయానా, ఆవిడ ఈ భూమ్మీదకి రానట్టే. అందుకేనే నా భయం."

మగ్గం దగ్గర నాంచారమ్మ బొటనవేలు తిప్పింది. "పాలంకి పోగతికె, పాలంకి పోగిదే!" ఊఁ కొట్టాల్సిన ఇల్లు లేదు కదా, అందరూ ఒక్క క్షణం ఆగారు. తర్వాత వీధంతా కలిసి కొట్టింది, ఊఁ అని. నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది, బూడిదంతా మొహానికంటుకుంది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇంక ఆగలేదు. నలభై ఒకటీ అయ్యాక శేషారత్నం వంక చూసి, "కొస ఉంచావు, సాలె పిల్లవి అనిపించుకున్నావు. లే, ఆకలేస్తోంది, అన్నం పెట్టు. ఉప్పు మాత్రం నువ్వే వెయ్యి" అంది. ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదంట. ఆ పూట రెండుసార్లు మారు వడ్డించుకుని తినిందంట.

ఇదీ సంగతి. తల్లికి కొత్త చీర వచ్చింది. నిదానమ్మ ఇప్పటికీ ఉంది, ఇంకా నిదానంగానే ఉంది, మీద చీరముక్క కప్పి బొట్టు పెడతారు. లేడిపిల్లలాగ పరిగెత్తేదే అయితే చెప్పగానే ఆగిపోయేది, పాలంకి పేరూ పోయేది. మరి కోటమ్మ ఏమైందంటారా? కోపం రాలేదా అంటారా? వచ్చింది, ఎందుకు రాదు? రెండు రోజులు మాట్లాడలేదు కూడా. తర్వాత ఆలోచించుకుంది. ఇదిగో, ఆలోచించుకుని మీ ముందే కూర్చుని కథ చెబుతోంది. ఇప్పుడు శ్రావణ శుక్రవారం ముత్తాలుకి ఒకటి, పాలంకికి ఒకటి, రెండు ఊఁలూ నావే. నాంచారమ్మ అక్కడ ఆగితే పేరు కూడా నేనే అందిస్తా. గంప అంది కదా నన్ను, గంపకి ఒక పేరు ఎక్కువైతే బరువా?