ఫిల్టర్ మీద పేరు

కోరుట్లలో కాఫీ ఫిల్టర్ల కంపెనీ గేటుకు కొత్త బోర్డు ఎక్కింది. పనివాడు తాజుద్దీన్ భార్య దాన్ని ఎవరిచేతో చదివించుకుని, ఒళ్లు మండి, తిన్నగా యజమాని ముందుకొచ్చి నిలబడింది.

"ఏంది దొరా గా రాత?"

"దొరా అనకు, సార్ అను. అసలే అడవిల నక్సలైట్ అన్నల కాలం. అది మన కంపెనీ చరిత్ర. మొదటి ఫిల్టర్ నా చేతులతోని చేసిన అని రాయించిన."

"మీరా? మీ ఇంట్ల అందరు చాయ్ తాగేటోళ్లే! ఇత్తడి రేకు కోసి, సన్నసన్న బొక్కలు కొట్టి చేసింది మా ఆయన గాదా?"

"రేకు ఎవలు కొన్నరు? షెడ్డు ఎవలది? పేరు గూడ నాదే ఉంటది."

"మరి రెండేండ్ల కింద గీ పేరు యాడికి పోయింది? దుకాణాలకు ఇయ్యనీకి ఫిల్టర్లు పట్టుకపోతుంటె, సిరిసిల్ల బస్టాండ్ల పోలీసులు ఆపిరి. బొక్కల డబ్బాలు బాంబులకే అని ఆయనను కొట్టిరి. మిమ్మల్ని పిలిపించి అడిగిరి."

యజమాని గొంతు తగ్గింది.

"పాత ముచ్చట ఎందుకు? భయానికి ఏదో అన్న."

"ఏమన్నరో నేను ఠాణా గడప కాడ నిలవడి విన్న. ఆ దెబ్బలకు ఆయన కుడిచేతిల సుత్తె ఇప్పటికీ నిలుస్తలేదు. వేములవాడ హోటళ్లోళ్లు కొనవట్టినంక ఫిల్టర్ మీదైందా?"

"ఇప్పుడేం రాయమంటవ్ మరి?"

"కొత్తగ ఏం రాయొద్దు. ఎస్సై ముంగట మీరు చెప్పిందే రాయుండ్రి. 'గిది నాది కాదు, తాజుద్దీన్ చేసిండు.'"