పాదం నేల తాకేలోగా

బాలిలో ఒక ఇంటి వాకిట్లో అత్తాకోడళ్లు పూజకు కొబ్బరాకుల బుట్టలు అల్లుతున్నారు. మర్నాడు మనవడు గెడే పాదాలు మొదటిసారి నేలకు తాకించే వేడుక.

"ఆ కుక్కపిల్లని మీ పుట్టింటికి పంపేయమన్నానా? ఇన్నాళ్లూ గెడేని ఎత్తుకునే తిరిగాం. రేపట్నుంచి వాడి కాళ్లు దాని నోటిముందే ఉంటాయి."

"ఇప్పుడు కరవట్లేదత్తయ్యా. ఇదిగో, నా కాలు చూడండి."

"నాకుతోందే. కొట్టి మానిపించావా?"

"లేదు. పన్ను తగిలినప్పుడల్లా ఆట ఆపేసి అటు తిరిగి కూర్చున్నా. నేను పలక్కపోతే దానికి బెంగ."

"నువ్వంటే సరే. నా కాలైతే?"

"పెట్టి చూడండి."

"ముక్కు చల్లగా తగులుతోంది. కరవలేదే."

"మరి పంపేయమంటారా?"

"ఉండనీ. గెడేకి పళ్లొచ్చాక వాడికీ నువ్వే నేర్పు. మీ ఆయన చిన్నప్పుడు నా భుజమంతా కొరికేశాడు, నాకీ ఉపాయం తట్టనేలేదు."