మజ్జిగ చిలికింది నేను, విమానమెక్కింది రత్నమ్మ

ఒరేయ్ శీనూ, అమ్మాయ్ సుజా, ఇట్ల రాండి. విమానం దిగేదానికి ఎక్కువ చోటు కావాల్నా, ఎగిరేదానికా? ఆలోచించి చెప్పండి. దిగేదానికా? సరిపోయె. మా ఊరోళ్ళూ అట్లనే అనుకున్నారు, అందుకే అంత పనయింది.

యుద్ధం రోజులు. మనం అప్పుడు మద్రాసు కింద గదా. రాచర్ల పక్కన మా ఊరి బీడును సర్కారోళ్ళు చదును చేసి రోలరు తోలించినారు, ఎప్పుడన్నా విమానం దిగాల్సొస్తే ఉంటాదని. ఎన్నాళ్ళకూ ఒక్కటీ రాలేదు. అంత గట్టినేల ఊరికే పడుంటే రైతులు చూస్తా ఉంటారా? కళ్ళం చేసుకున్నారు. జొన్న కంకులు ఆరబోసేది, ఎద్దుల్తో తొక్కించేది, అంతా ఆడనే.

ఒకనాడు నిజంగానే వచ్చింది. చిన్నది, ఇద్దరు పట్టేది. కళ్ళంలో జనం ఎద్దుల్ని ఇడిసిపెట్టి పరిగెత్తినారు. అది సగం బీడులోనే ఆగింది. అది నడిపే తెల్లదొర దిగి, బొటనవేలు నోటికాడ పెట్టి దాహమన్నాడు.

మా ఇంట్లో మజ్జిగ చిలికింది ఎవరు? నేను. కవ్వం తాడు లాగి లాగి అరచేతులు కందిపోయినాయి. చెంబు పట్టుకోని గడప దాటబోతే మా అమ్మ, "నీ పావడా చినిగుండాదే, దొర ముందర పరువు పోతాది, రత్నమ్మకియ్యి" అనె. రత్నమ్మ మా పెదనాయన కూతురు, నాకంటే ఏడాది పెద్ద. కాణీకి గుప్పెడు బొరుగులొచ్చే కాలంలో ఆమెకు గిద్దలూరు నుంచి పట్టంచు పావడా!

దొర గటగటా తాగినాడు. రత్నమ్మ తల నిమిరి, పక్క సీటు చూపించి, ఒక చుట్టు తిప్పుకొస్తానని చెయ్యి గాల్లో తిప్పినాడు.

"మజ్జిగ నాది పెదనాయనా" అన్నా.

"ఊరుకోవే, ఎవరిదైతే ఏంది, తాగినాడు గదా" అనె.

దొర బీడంతా ఖాళీ చేయమని సైగ చేసినాడు. మావాళ్ళు దగ్గరున్న కంకుల కుప్పలు తీసినారు గానీ, ఆ కొసనున్న చొప్పవామిని ముట్టుకోలేదు. "దిగేదానికి సగం చాలింది, పోయేదానికి అంతెందుకు?" అని పెదనాయనే తీర్పు చెప్పి, అంతా సరేనని దొరకు చెయ్యి ఊపినాడు. ఆ విమానాలు మూతి పైకెత్తుకోని ఉంటాయి, ముందర ఏముండాదో లోపలున్నోళ్ళకు కనపడదు.

రత్నమ్మను ఎక్కించుకోని విమానం పరిగెత్తింది. లేస్తాది, లేస్తాది అంటాంటే పోయి చొప్పవామిలో మూతి గుచ్చి తోక లేపింది. ఒక రెక్క వంగిపోయింది. నేను "అక్కా!" అని ఏడుస్తా ఉరికినా. చూస్తే ఏముంది, తలనిండా చొప్ప పెట్టుకోని నవ్వుకుంటా దిగింది మారాణి! పావడాకు చిరుగు కూడా పడలేదు. దొరకే చెయ్యి బెణికింది.

ఆ పొద్దు నుంచి ఆమె విమానం రత్నమ్మ. చూడొచ్చిన పెళ్ళివారు కూడా, "ఆ పిల్ల ఈమేనా" అని కళ్ళింతలు చేసుకున్నారు. ఇప్పటికీ ఎవరన్నా "మబ్బులు కనపడినాయా పెద్దమ్మా" అంటే ఔననదు, కాదనదు, ఆకు నములుతా నవ్వుతాది. చక్రం నేల వదలకపోతే ఎగిరినట్టెట్ల అయితాది? చెప్పండి. ఎద్దులబండి ఎక్కినట్టు గదా? ఇన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, నా మాట మాత్రం ఎవరికీ పట్టదు.

మధ్యాహ్నం రత్నమ్మ అన్నానికి వస్తాంది. కాళ్ళకు మొక్కండి, మనసున్న మనిషే, చల్లగా ఉండమంటాది. అయ్యో, కవ్వం సగంలో వదిలొచ్చినా, వెన్న ఇంకా తేలలేదు. లేస్తా. సుజా, ఆ చెంబు ముట్టుకోవాకు. ఈసారి మజ్జిగ నేనే తీసకపోయి ఇస్తా.