పెట్టె పట్టిన గుండె

నెల్లూరులో గుండె డాక్టరు వాణి గది. నెల కిందట పడవలో స్పృహ తప్పిన జువ్వలదిన్నె కామాక్షయ్యకు, గుండె లయను రెండు రోజులు నమోదు చేసే పెట్టెను మొన్న ఆమే కట్టి పంపింది. ఇవాళ భార్య చెంచులక్ష్మితో కలిసి దాన్ని తిరిగి తెచ్చాడు.

"బాగుందని రాసిచ్చేయండి డాక్టరమ్మా. పాతికేళ్లుగా వెతుకుతుండా, ఈయనకు గుండె ఉంటే గదా చెడిపోయేదానికి."

"కాసేపు ఆగు చెంచులక్ష్మీ. కామాక్షయ్యా, నిన్న మధ్యాహ్నం మూడుంబావుకు ఏం చేస్తున్నావు?"

"నేనా... నిన్ననా..."

"ఏం జేస్తాడు, పడుకోనుంటాడు."

"పడుకున్న గుండె కాదమ్మా ఇది. నిమిషానికి రెండొందల పది. ఇరవై సెకన్లు అట్లాగే పరిగెత్తింది."

"ఈయన గుండా? రేషను షాపుకు పొమ్మంటేనే కదలడే."

"నువ్వు ఊరుకోమే."

"ఎందుకూరుకోవాల? పడవలో పడినావంటే వల కాలికి తగిలిందంటివి. ఎండంటివి. టీ తాగలేదంటివి. ఇప్పుడు చెప్పు."

"ఇద్దరూ ఇటు చూడండి. ఈ సన్న గీతలు మామూలు కొట్టుకోవడం. ఇక్కణ్ణించి చూడు, వెడల్పుగా రంపం పళ్ల మాదిరి. గుండె కింది గది తన ఇష్టానికి కొట్టుకుంటా ఉంది. అప్పుడు మెదడుకు రక్తం సరిగా పోదు. మళ్లీ వచ్చి ఆగకపోతే మనిషి దక్కడు."

"దక్కడా డాక్టరమ్మా?"

"ఆ టైములో కళ్లు తిరగలేదా, కామాక్షయ్యా?"

"తిరిగినాయి డాక్టరమ్మా. రొయ్యలు వలిచే కాడ. గోడ పట్టుకుంటే... ఈయనే, పట్టుకున్నాడులే. సర్దుకునింది."

"నాకు చెప్పలేదేమే నువ్వు?"

"ఆయన కళ్లు తిరిగితే, ఆయనకు నువ్వు చెప్పేదేందమ్మా?"

"బస్సు టైమైంది డాక్టరమ్మా. మాత్రలు రాసీండి, పోతాం."

"ఎక్కడికీ పోవద్దు. ఇవాళే చేరాలి. ముందు మందు ఎక్కిస్తాం, ఎకో తీస్తాం, రక్తనాళాలు చూస్తాం. అవసరమైతే ఛాతీ పైభాగాన చర్మం కింద చిన్న మిషను పెడతాం. గుండె గాడి తప్పితే అదే షాకిచ్చి దారికి తెస్తుంది."

"షాకా? ఈయనకు నేను రోజూ..."

"చాలు ఎగతాళి. డాక్టరమ్మా, ఆ కాగితం మీద ఎవరి పేరు రాస్తుండారు?"

"నీ పేరే, కామాక్షయ్యా."

"కొట్టేయండి. నిన్న తెల్లారి వేటకు పోతా, పెట్టె తడుస్తాదని వైర్లన్నీ పీకి దీని ఒంటికి అంటించి పోయినా. నన్ను తర్వాత చూద్దురు గానీ, ముందు చెంచులక్ష్మి అని రాయండి."