గట్టు తెగ్గొట్టినవాళ్ళ పేర్లు

కొల్లేరు వరద తీసిన మూడోనాడు, కైకలూరు దగ్గర ఓ ఊరి పంచాయతీ ఆఫీసుకు తాసీల్దారు వచ్చాడు. పందొమ్మిదేళ్ళుగా ప్రెసిడెంటుగా ఉన్న పెద్దాయన ఎదురెళ్ళి, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"జమీందారు గారి గట్టు తెగ్గొట్టిన జాలర్ల పేర్లు రాసివ్వండి. మీ పదవి జోలికి ఎవరూ రారు."

"తెగ్గొట్టకపోతే వాళ్ళ పేట మొత్తం మునిగిపోయేదండీ."

"ఆయన చేలు మునిగాయి కదండీ!"

"నా చేలూ మునిగాయండీ. నారు మళ్ళీ పోసుకుంటాం. మనుషుల్ని మళ్ళీ తెచ్చుకోలేం కదా."

"ఈ ఊరికి బడి, ఆసుపత్రి, రోడ్డు అన్నీ మీరే తెచ్చారు. ఒక్క గట్టు కోసం ఆ పేరంతా పోగొట్టుకుంటారా?"

"పేటే కొట్టుకుపోతే ఆ బడిలో ఎవర్ని కూర్చోబెట్టమంటారు?"

"పేర్లు ఇవ్వకపోతే పదవి ఊడుతుంది. కేసు కూడా పెడతారు."

పెద్దాయనకు ఆ పదవి మీద మమకారం లేకపోలేదు. అయినా కాగితం తీసుకుని, కలం సిరాలో ముంచి, నిదానంగా రాసిచ్చాడు.

"ఇదేంటండీ, ఒక్క పేరే ఉంది. అదీ మీదే!"

"మొదటి పలుగు పోటు నాదేనండీ. మిగతావాళ్ళు నేను రమ్మంటేనే వచ్చారు."

"కింద ఇంకేదో రాశారే?"

"పైకే చదవండి."

"మళ్ళీ వరదొస్తే మళ్ళీ తెగ్గొడతాను..."

"సంతకం కూడా పెట్టానండీ. తీసుకెళ్ళండి."