అమ్మోరు కాదన్నారు

కలకత్తాలో పిల్లల ఆసుపత్రి వరండా. డాక్టరు గది నుంచి వచ్చిన కోడలు, మూడు నెలల పసిదాన్ని ఒళ్లో వేసుకుని అత్త పక్కన కూలబడింది.

"ఏటన్నాడే డాక్టరు బాబు?"

"అమ్మోరు కాదంటత్తా. ఒంటిమీద ఆ నీలం గడ్డలు రక్తం కేన్సరంట. ముందు సర్మం మీదే బయటపడిందంట."

"పాలు తాగే గుంటకి కేన్సరేటే?"

"నానూ అదే అడిగినాను. గడ్డలు లేసినప్పుడే గుంటనెందుకు తేలేదని అరిసినాడు."

"వేపమండ కట్టిన గుమ్మం దాటితే అమ్మోరికి కోపమని నానే ఆపీసినాను. ఇది అమ్మోరు కాదని మనకెవుడు సెప్పినాడే?"

"మన తెలుగోళ్ల లైనిళ్లకి ఎవుడొచ్చినా రోడ్లూడవడానికి పిలవడానికే."

"ఇప్పుడేనా మందియ్యరా?"

"ఇస్తారంట. ఒళ్లంతా పాకిపోయింది, బతుకుద్దని సెప్పలేనన్నాడు."

అత్త కొంగుముడి విప్పి పసుపు తీసింది.

"కాసింత రాయనీవే."

కోడలు పసిదాని చొక్కా పైకెత్తింది.

"రాయత్తా. ఇంక ఏది రాసినా ఒకటే."